ఉంచుకోండి

ఆ రోజు పోయినవాటిలో ఇల్లుంది, ఇస్త్రీ బల్ల ఉంది, జనం నమ్మి ఇచ్చిన బట్టల మూటలున్నాయి. అవి పోయాయని ఆమెకు అప్పుడే తెలిసింది. ఇంకొకటి కూడా పోయిందని తెలియడానికి చాలా రోజులు పట్టింది. అది నీళ్ళలో పోలేదు, మాటలో పోయింది.

పొద్దున్నే కొట్టు తెరిచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదోనని తడివేలు ఆనించి చూస్తుంటే వీధి చివర్నించి అరుపులు వినిపించాయి. ఎగువన ఆనకట్ట తెగిందంటున్నారు. ఆ మాట చెవిన పడేలోపే నీళ్ళు గుమ్మంలోకి వచ్చేశాయి. ముందు చెప్పులు తేలాయి, తర్వాత బల్ల తేలింది. అప్పటిదాకా బల్ల కింద ఆడుకుంటున్న కూతుర్ని చంకనేసుకుని, గోడ పట్టుకుని ఆమె ఇంటికి చేరేసరికి నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. లోపలి గది తలుపు నీటి బరువుకి బిగుసుకుపోయింది. తలుపు అవతల అత్త ఉంది.

ఆ ఇంట్లో ఉన్నది ఆ ముగ్గురే. అత్తకు కొడుకు, ఆమెకు భర్త అయిన మనిషి పాప పుట్టిన ఏడాదే జబ్బు చేసి పోయాడు. అప్పట్నించి అత్తకు కోడలు, కోడలికి అత్త. ఇద్దరూ రోజంతా పోట్లాడుకునేవాళ్ళు, ఒకరు తినకుండా ఇంకొకరు తినేవాళ్ళు కాదు.

తలుపు మీద ఆమె బాదుతుండగా చేపలవాళ్ళ పడవ ఒకటి అటుగా వచ్చింది. అంచుల దాకా జనం.

"పిల్లనిటివ్వు. నువ్వెక్కితే అందరం బోర్లా పడతాం," అన్నాడు పడవ నడిపేవాడు.

పడవలో తెలిసిన మొహం ఒక్కటే కనిపించింది. మందుల షాపు ఆవిడ. ఎవరో మంచం మీదున్న మనిషికి మందులివ్వడానికి ఈ వీధికొచ్చి చిక్కుకుపోయిందట. ఒంటి మీద తెల్లకోటు. ముందురోజే ఆమె ఇస్త్రీ చేసిన కోటు. ఆవిడ రెండు చేతులూ చాచింది. ఆమె పాపను ఆ చేతుల్లో పెట్టి ఏదో అరిచింది. పడవ తిరిగిపోయింది. పాప ఏడుపు మూల మలుపు దాకా వినిపించి ఆగిపోయింది.

అత్తను కిటికీ ఊచలు వంచి బయటికి లాగి, ఇద్దర్నీ తమ డాబా ఎక్కించారు పక్కింటివాళ్ళు. మర్నాడు నీళ్ళు కాస్త తీశాక ఇద్దర్నీ డాబా మీంచి దింపి బడికి తీసుకెళ్ళారు. నీళ్ళు ముంచినవాళ్ళందరికీ అదే నీడ. వీళ్ళకిచ్చిన తరగతి గదిలో బెంచీలన్నీ ఒక మూలకి ఎత్తి పేర్చారు. నల్లబల్ల మీద ఎవరో సగం రాసి వదిలేసిన వాక్యం ఒకటి అలాగే ఉంది. తుడవడానికి ఎవరికీ తీరిక లేదు, పూర్తి చేయడానికి పిల్లలు లేరు.

మందుల షాపు ఎత్తు మీద రోడ్డులో ఉంటుంది. అక్కడికి నీళ్ళు రాలేదు. కింద షాపు, పక్కనుంచి మెట్లు, పైన ఇల్లు. ఒంటి మీద ఆరని బట్టలతో, కాళ్ళకి చెప్పుల్లేకుండా, ఆమె దారంతా ఒకటే అనుకుంటూ నడిచింది. ఉండాలి, ఉండాలి, ఉండాలి. పడవ తిరగబడిందని బడిలో ఎవరో అన్నారు. అది ఈ పడవో కాదో ఎవరూ చెప్పలేకపోయారు. తలుపు కొట్టే ముందు ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొట్టనంతసేపూ పాప లోపల ఉన్నట్టే కదా అనిపించింది.

తలుపు ఆవిడే తీసింది. పాప ఉంది. మంచం మీద, మెత్తటి దుప్పటి కింద, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

ఆమె మంచం పక్కన నేల మీద కూలబడిపోయింది. ఆవిడ పొడి బట్టలిచ్చింది, వేడివేడిగా అన్నం పెట్టింది, మళ్ళీ పెట్టింది. చెప్పులు కూడా ఇచ్చింది.

"బళ్ళో ఎంతమంది ఉన్నారు?" అంది ఆవిడ.

"గదికి ఆరేడు కుటుంబాలు మేడం."

"నీళ్ళు కాచి తాగుతున్నారా?"

"పొయ్యే లేదు మేడం. ఏం కాస్తాం."

"అయితే పాపను ఇప్పుడే తీసుకెళ్ళకు. వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. నేను రోజూ చూస్తున్నదే. నాలుగు రోజులు ఇక్కడే ఉండనీ."

ఆవిడ చెప్పింది నిజం. కాదనడానికి ఏముంది. మాత్రలు, బిస్కెట్లు, రెండు దుప్పట్లు మూటగట్టి ఇచ్చింది ఆవిడ. ఆమె ఆ మూటతో బడికి తిరిగొచ్చింది.

అత్త మూటని చూసింది, కోడలి ఖాళీ చంకను చూసింది. "మనవరాల్ని తెమ్మంటే మూట తెచ్చావేమే?"

"బాగుందత్తా. నిద్రపోతోంది. ఇక్కడ జబ్బులొస్తాయని ఉంచమంది."

"మంచిదే," అంది అత్త. మూటలో చెయ్యి పెట్టి, "దుప్పటి మాత్రం మెత్తగా ఉంది," అని మూతి బిగించింది. అది మెప్పో ఎత్తిపొడుపో చెప్పడం కష్టం. అత్త మాటలన్నీ అంతే.

రెండోసారి వెళ్ళినప్పుడు పాప జుట్టు కత్తిరించి ఉంది. చెవుల పక్కకి సమంగా, చక్కగా. పేలు పడతాయని కత్తిరించానంది ఆవిడ. పాప ఒంటి మీద పూలపూల గౌను. కలరా ఉండల వాసన వేస్తోంది. ఆమె పాపను ఒళ్ళోకి తీసుకుని అలవాటుగా గౌను అంచు వేళ్ళతో సర్దింది, సర్దుతూ ఆగింది. కొత్త గౌను కాదది, కానీ ఎవరూ పెద్దగా తొడుక్కున్నదీ కాదు. ఏళ్ళ తరబడి మడతలో ఉన్న బట్ట ఆ మడత దగ్గర వెలిసిపోతుంది. పెట్టె ఎంత వేడి చేసి రుద్దినా ఆ గీత పోదు. ఈ గౌనుకి సరిగ్గా నడుమ అలాంటి గీత ఉంది.

ఆవిడ ఇంట్లో ఆవిడా, ఆవిడ భర్తా తప్ప ఎవరూ లేరు. ఒకప్పుడు ఆ గౌను తొడుక్కున్న పిల్ల గురించి ఆమె అడగలేదు. ఆవిడ చెప్పలేదు. కాని ఆ గీతను చూశాక ఆమె పాపను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"పండూ," అని పిలిచింది ఆవిడ వంటింట్లోంచి.

పాప ఒళ్ళోంచి దిగి పరుగెత్తింది. ఆ పిల్లను ఇంట్లో బుడగ అనేవాళ్ళు. బుగ్గల్ని చూసి అత్త పెట్టిన ముద్దుపేరు. బుడగా అంటే ఒకసారి పలికేది, మూడుసార్లు పలికేది కాదు. పండూ అంటే మాత్రం ఒక్కసారికే వెళ్ళింది. వెళ్ళి ఆవిడ కాళ్ళు చుట్టుకుని, "అమ్మా, పాలు," అంది.

ఆవిడ చెయ్యి గిన్నె మీద ఒక్క క్షణం ఆగింది. "ఈ వయసులో అందర్నీ అలాగే అంటారులే," అంది, వెనక్కి తిరక్కుండానే.

"అవును మేడం," అంది ఆమె.

ఆ రోజు అత్త దగ్గుకి మందుసీసా ఇచ్చింది ఆవిడ, రాత్రుళ్ళు కప్పుకోవడానికి స్వెటర్ ఇచ్చింది. ఇంకేం కావాలన్నా మొహమాటపడకు అంది. ఇంతకుముందైతే అలాంటి మాటకి ఆమె కళ్ళు చెమర్చేవి. ఇప్పుడు మెట్లు దిగుతుంటే సీసా చేతిలో బరువెక్కుతూ పోయింది. ఇవ్వొద్దు మేడం, ఇంక ఏమీ ఇవ్వొద్దు, అని మనసులో అనుకుంది. కాని అత్త దగ్గు ఆమెకు గుర్తుంది. మెట్ల దగ్గర నిలబడి సీసాను తిరిగిచ్చేసేంత ధైర్యం దగ్గే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకి ఎక్కడుంటుంది.

అదే వారంలో పక్క గదిలో చంటిపిల్ల పోయింది. విరేచనాలతోనే. పిల్ల తండ్రి దుప్పట్లో చుట్టిన ఆ చిన్న ఒంటిని ఎత్తుకుని నడవాలో నడుస్తుంటే రెండువైపులా తల్లులు తమ పిల్లల మొహాలు గుండెకి అదుముకున్నారు. ఆమె చేతుల్లో ఎవరూ లేరు. చేతులు లేకపోతే బావుండుననిపించింది. పాప ఇక్కడ లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ వెంటనే, ఆ దణ్ణానికే భయపడింది.

బడి ఆవరణలో మైకు రోజూ ఒకటే చెబుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారు, మీ పిల్లల్ని మీరే కనిపెట్టుకుని ఉండండి, అనుమానం వస్తే చేతికి పట్టీ కట్టుకున్న వాలంటీర్లకు చెప్పండి. అది విన్నప్పుడల్లా అత్త పైకి చూసి, "మన పిల్లనెవరూ ఎత్తుకుపోలేదు నాయనా. మేమే మోసుకెళ్ళి ఇచ్చాం," అనేది మైకుతో.

మూడోసారి వెళ్ళేసరికి హాల్లో పెట్టెలు సర్ది ఉన్నాయి. ఆవిడ పాప బట్టలు మడతపెడుతోంది. మడత సరిగ్గా రావడం లేదు. ఆమె చేతులు వాటంతటవే ముందుకెళ్ళి ఆ గౌనులు అందుకుని మడవసాగాయి. రెండు మడిచాక గాని ఎందుకు మడుస్తున్నానన్నది తట్టలేదు.

"ఊరెళ్తున్నారా మేడం?"

"మా అన్నయ్య దగ్గరికి. రేపు పొద్దున. ఈ ఊళ్ళో ఇంక కొన్నాళ్ళు గాలీ బాగుండదు, నీళ్ళూ బాగుండవు. అక్కడ మంచి బడి కూడా ఉంది, వచ్చే ఏడాదికి చేర్చొచ్చు."

ఎవర్ని చేర్చొచ్చో ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

"పాపను నేను తీసుకెళ్తాను మేడం," అంది ఆమె. మడుస్తున్న గౌను వదిలేసింది.

ఆవిడ మడతలోంచి తలెత్తింది. కోపంగా లేదు. ఆశ్చర్యపోయినట్టుంది. "ఎక్కడికి తీసుకెళ్తావ్, ఆ బళ్ళోకా? నువ్వే కదా ఇచ్చావు. ‘ఉంచుకోండి మేడం’ అన్నావు. నేనడిగానా?"

"అలా అన్నానా?"

"పడవలో అందరూ విన్నారు. ‘ఉంచండి’ అనలేదు. ‘ఉంచుకోండి’ అన్నావు. ఆ మాట పట్టుకునే నేను..." ఆవిడ చూపు దించి, గౌను మీది ఆ గీతను బొటనవేలితో మెల్లగా రాస్తూ ఉండిపోయింది.

ఆ మాటే చెవుల్లో తిరుగుతుంటే ఆమె ఖాళీ చేతులతోనే మెట్లు దిగింది. ఉంచండి అంటే వచ్చి తీసుకుంటానని. ఉంచుకోండి అంటే ఇక మీకేనని. నడుమ ఉన్నదల్లా ఒక్క ‘కో’. నిజంగా అన్నదా? అనే ఉంటుంది. ఆమె నోటికి కొట్లో అన్నీ ‘కో’లే. మడత నలక్కుండా పట్టుకోండి, లెక్క సరిచూసుకోండి, డబ్బులదేముంది తర్వాత ఇచ్చుకోండి. ఏళ్ళ తరబడి బట్టలు చేతికిస్తూ అన్న మాటలు. ఆ నీళ్ళలో పిల్లను చేతికిస్తూ గట్టిగా పట్టుకోండి అనబోయింది, నేనొచ్చేదాకా ఉంచండి అనబోయింది. పడవ తిరుగుతోంది. రెండూ నాలిక మీద ఢీకొని ఒక్కటై బయటపడి ఉంటాయి.

అత్తకు అంతా చెప్పింది.

"నేనూ అంటాగా," అంది అత్త. "పక్కింటావిడకి బిందె ఇస్తూ ఉంచుకో అనేదాన్ని. మర్నాడు వెళ్ళి తెచ్చేసుకునేదాన్ని. ఆవిడేం పేచీ పెట్టలేదే."

"బిందె కాదు కదత్తా."

"కాదనుకో." అత్తకు దగ్గు తెర వచ్చింది. మందుల షాపు ఆవిడిచ్చిన మందే ఒక మూత పోసిచ్చింది ఆమె. అత్త తాగి, గోడవైపు తిరిగింది. "ఒకమాటంటాను, తిట్టుకోకు. పక్క గది పిల్లను చూశాంగా. అక్కడైతే పాలు తాగుతోంది, మంచమ్మీద పడుకుంటోంది. పోనీ..."

"అనకత్తా."

"అనడం లేదే. అనకుండా ఉండటానికే ఇటు తిరిగాను."

ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోలేదు, నిద్రపోతున్నట్టు ఒకరికొకరు నటించారు. తెచ్చుకుంటే జబ్బు తినేస్తుందేమో. వదిలేస్తే బతుకుతుంది, కాని ఎవరి పిల్లగా? ఆవిడ పోలీసుల్ని పిలిస్తే ఏం చూపించాలి? పాప పుట్టినప్పటి కాగితాలూ, ఫోటోలూ అన్నీ ఆ నీళ్ళలోనే పోయాయి. తాను తల్లినని చెప్పడానికి తన నోరు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ నోరే కదా ఇంత పనిచేసింది.

తెల్లారాక ఆమె లేచి మొహం కడుక్కుంది. "కాచిన నీళ్ళు ఎలాగైనా సంపాదించత్తా. ఎవర్ని బతిమాలతావో, ఎవరితో పోట్లాడతావో నీ ఇష్టం," అంది.

"పోట్లాడతాను. అది నాకొచ్చిన పనే," అంది అత్త.

మందుల షాపు ముందు అప్పటికే పెద్ద వరస. కారొకటి ఆగి ఉంది. డిక్కీలో పెట్టెలు సర్దుతున్నాడు ఆవిడ భర్త. ఆమెను చూసి తలదించుకున్నాడు. పైన మెట్ల మీద ఆవిడ, భుజమ్మీద పాప.

"నేను తప్పుగా అన్నాను మేడం," అంది ఆమె మెట్లెక్కి, ఊపిరి అందక. "భయంలో అన్నాను. ఆ మాట నాది కాదు. నా పిల్లను నాకిచ్చెయ్యండి."

"మీ ఇద్దర్నీ కూడా ఇక్కడే ఉండమంటాను," అంది ఆవిడ గబగబా. "నువ్వూ, మీ అత్తా. ఇల్లంతా ఖాళీయే. అద్దె వద్దు. మీరిక్కడుండండి, పండు నాతో ఉంటుంది, నెలకోసారి తీసుకొస్తాను."

ఆమె చేతులు చాచింది. "బుడగా, రా."

పాప ఆమెను చూసింది. గుర్తుపట్టింది, అది కళ్ళలో తెలిసింది. గుర్తుపట్టి కూడా రెండో వైపు తిరిగి ఆవిడ మెడను ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఇన్నాళ్ళ భయాల్లో ఆమె ఊహించని భయం అదొక్కటే. ఇంకొక్క క్షణం ఆగితే ఆ మెట్ల మీదే కూలిపోతానని తెలిసి, పాపను నడుము పట్టుకుని లాగేసింది. ఆవిడ చేతులు వదలనూ లేదు, పట్టుకోనూ లేదు. పాప కెవ్వుమంది. ఆమె మెట్లు దిగి పరుగులాంటి నడక నడిచింది.

"అమ్మా," అని ఏడుస్తూ పాప వెనక్కి చేతులు చాచింది. "అమ్మా."

వరసలో జనం తిరిగి చూశారు. చేతికి పట్టీ కట్టుకున్నవాడొకడు అడ్డంగా వచ్చాడు.

"ఏయ్, ఆగాగు. ఎవరి పిల్ల?"

"నా పిల్లే."

"నీ పిల్లైతే అమ్మా అని అటు చెయ్యి చాపుతుందేంటి?"

ఆమె ఒంటి మీద బళ్ళో పంచిన బట్టలు. పాప ఒంటి మీద పూల గౌను, కాళ్ళకి బూట్లు. జనం కళ్ళు ఒకదాన్నించి ఇంకోదానికి తిరగడం ఆమె చూసింది.

"పేరేంటి పిల్లది?"

"బుడగ," అంది ఆమె. అసలు పేరు ఆ క్షణంలో నాలిక మీదికి రాలేదు.

ఎవరో నవ్వారు. "బుడగేంటి? అదో పేరా?"

వరసలోంచి ఒక పెద్దావిడ వచ్చి పాప గడ్డం పట్టుకుంది. "ఏడవకమ్మా. నీ పేరేంటి తల్లీ?"

పాప ఎక్కిళ్ళ మధ్య చెప్పింది. "పండు."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. వరస చెదిరి గుండ్రంగా మూసుకుంది. పట్టీ కట్టుకున్నవాడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పొద్దున్నే ఇలాంటిదాన్నే ఒకత్తెను పట్టుకున్నార్ట, అంది ఒక గొంతు. పిల్లను ముందు లాక్కోండి, అంది ఇంకో గొంతు. ఆమె మాట్లాడితే ఏ మాట వస్తుందోనని పెదాలు బిగించుకుంది. చేతులు మాత్రం వదల్లేదు.

"ఉండండి."

ఆవిడ మెట్లు దిగుతోంది. ఆ ఎత్తు మీద రోడ్డులో ఆవిణ్ణి తెలియనివాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ వరద ముంచినవాళ్ళకి ఊరికే మందులిస్తున్న మనిషి. జనం దారిచ్చారు.

"ఈ పాప మీ ఇంట్లోనే కదా మేడం ఉంటోంది, నేను చూశాను," అన్నాడు పట్టీవాడు. "మీ పాపేనా?"

ఆవిడ పాపను చూసింది. పాప ఆవిడ వైపు చేతులు చాచే ఉంది. ఆవిడ ఒక్క తల ఊపితే చాలు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఆమె ఆవిడ మొహంలోకి చూసింది. అక్కడా అదే భయం. వెనక ఆ ఖాళీ ఇంట్లోకి తిరిగి మెట్లెక్కాల్సిన మనిషి భయం.

"ఆమె పిల్లే," అంది ఆవిడ. "నా దగ్గర ఉంచింది. తీసుకెళ్తోంది. దారివ్వండి."

మోచేతి మీది పట్టు వదిలింది. ఆమె నడిచింది. వెనక్కి చూడలేదు. చూస్తే ఆవిడ మనసు మార్చుకుంటుందేమోనని, పాప మళ్ళీ పిలుస్తుందేమోనని, ఎవరో ఒకరు మళ్ళీ ఆపుతారేమోనని. మలుపు తిరిగాక, బడి గోడ కనిపించాక కూడా భయం తగ్గలేదు. పాప ఏడ్చి ఏడ్చి భుజమ్మీద నిద్రపోయింది. ఆ బరువు తెలిశాక గాని ఆమె నడక నెమ్మదించలేదు.

బళ్ళో పాపకు రెండు సార్లు జ్వరం వచ్చింది, తగ్గింది. ప్రతిసారీ అత్త కాచిన నీళ్ళ కోసం వంటవాళ్ళతో యుద్ధం చేసి గెలిచింది. ఆ రాత్రుళ్ళు ఆమె పాప నుదుటి మీద చెయ్యి తియ్యకుండా కూర్చుని, నేను తెచ్చి చంపుకుంటున్నానా అని తనను తాను అడుక్కుంది. పాప బతికింది.

ఇప్పుడు పాత వీధిలోనే రేకుల కొట్టు వేసుకున్నారు. ఇస్త్రీ పెట్టె ఎవరో దాతలిచ్చారు. పాప బుడగా అంటే పలుకుతోంది, మూడోసారికి. బట్టలు తిరిగిచ్చేటప్పుడు ఆమె ఒకటికి రెండుసార్లు ఆలోచించి మాట్లాడుతుంది. పొగరు పెరిగిందని కొందరనుకుంటారు. మందుల షాపు తెరిచే ఉందని, ఆవిడ అన్నయ్య ఊరు వెళ్ళలేదని విన్నది. తెల్లకోట్లు ఇస్త్రీకి రావడం మానేశాయి. ఎత్తు మీద రోడ్డులో పనిబడితే ఆమె చుట్టు తిరిగి వెళ్తుంది.

పాపను నీళ్ళలోంచి గట్టెక్కించింది ఆవిడ. అంతమంది ముందు తిరిగిచ్చిందీ ఆవిడే. ఈ రెంటికీ ఆవిడకు చెప్పాల్సిన మాట ఆమె ఇంతవరకూ చెప్పలేదు.